బాబాయ్ గారి చివరి మెనూ

మా మెస్ బాబాయ్ గారు పోయారు. మొన్న మంగళవారం ఉదయం ఎర్రగడ్డ నుంచి తెచ్చిన కూరగాయల సంచి దించి, ఆ రోజు మెనూ కొట్టడానికి కంప్యూటర్ ముందు కూర్చుని, ఛాతీలో ఏదో పట్టేసినట్టుందని పిన్ని గారిని మంచినీళ్ళు అడిగారు. గ్లాసు వచ్చేలోగా వెళ్ళిపోయారు. మెస్‌లో ఎవరినీ మంచినీళ్ళ కోసం ఎదురుచూడనివ్వని మనిషి, తను కూడా ఎదురుచూడలేదు.

పంజాగుట్టలోని మా ఆఫీసులో పదింటికి రావలసిన మెనూ మెయిల్ పదిన్నరకీ రాలేదు. దొండకాయలు దొరకలేదేమో, బాబాయ్ గారు అలిగారేమో అని నాలో నేనే ఒక జోకు వేసుకున్నాను. దానికి నవ్వుకుంటుండగానే ఫోన్ మోగింది.

ఆయన నాకు బాబాయ్ కారు. ఆ మాటకొస్తే అమీర్‌పేటలో ఎవరికీ కారు. మైత్రీవనం వెనక సందులో, జావా, ఒరాకిల్, టెస్టింగ్ టూల్స్ అని బోర్డులు కట్టిన మేడ మీద రెండో అంతస్తులో ఆయన మెస్ ఉండేది. కింద మా చేతుల్లో కరపత్రాలు కుక్కేవాళ్ళు. మధ్య అంతస్తులో మా బుర్రల్లో కోడు కుక్కేవాళ్ళు. పైన ఈయన కంచంలో అన్నం కుక్కేవారు. మూడింటిలో అరిగింది చివరిదొక్కటే అని ఈ వ్యాసకర్త సవినయంగా మనవి చేసుకుంటున్నాడు.

ఊరు తెనాలి. మనిషి బక్కపలచన, భుజాన తువ్వాలు. టేబుళ్ళు వేస్తే సగం మందే పడతారని ఆ హాల్లో రెండు వరుసల్లో చాపలు పరిచి, విస్తళ్ళు వేసేవారు. కొత్తగా చేరినవాడు మొహమాటపడి పెరుగు అడగకపోతే ఎదురుగా గొంతుక్కూర్చునేవారు. "ఏంటయ్యా, పెరుగే అడగలేనివాడివి ఇంటర్వ్యూలో జీతం ఏం అడుగుతావు? అడుగు. గట్టిగా అడుగు." వాడు గట్టిగా "పెరుగు!" అని అరిచేదాకా వదిలేవారు కాదు. మా సందులో మధ్యాహ్నంపూట వినపడే ఆ కేకలకు కింద కోచింగ్ సెంటర్ వాళ్ళు కిటికీలు మూసుకునేవాళ్ళు.

ఆయన మెస్‌కి ఒక రూలుండేది. ఉద్యోగం వచ్చినవాడు పార్టీ ఇవ్వనక్కర్లేదు. ఆ రోజు అందరికీ వాడే వడ్డించాలి. ఆఫర్ లెటర్ జేబులో పెట్టుకుని, సాంబారు బకెట్ పట్టుకుని, రెండు వరుసలూ తిరగాలి. ఎదురు విస్తరి ముందు ఇంకా ఉద్యోగం రానివాడు కూర్చుని ఉంటాడు. వాడికి వంగి వడ్డించాలి. ఎందుకు పెట్టారో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. నా వంతు వచ్చిన రోజు పెళ్ళిలో వియ్యాలవారికి వడ్డించినంత వినయం నటించబోయి, ఒకడి చొక్కా జేబులో సాంబారు పోశాను. వాడి హాల్ టికెట్ అందులోనే ఉంది. బాబాయ్ గారు దాన్ని స్టవ్ పక్కన ఆరబెడుతూ, "ఏరా సర్కస్, నీకు ఉద్యోగం ఎవడిచ్చాడ్రా, వాడి అడ్రస్ ఇవ్వు, పరామర్శిస్తాను" అన్నారు. ఆ రోజు నుంచి నా పేరు సర్కస్.

ఇక మెయిల్ సంగతి. మూతపడిన ఒక ఇన్‌స్టిట్యూట్ నుంచి ఎవరో కుర్రాడు ఆయనకో పాత కంప్యూటర్ తెచ్చిపెట్టాడు. అందులో మెయిల్ ప్రోగ్రాం ఎక్కించింది నేను. ఉద్దేశం వ్యాపారమే. పంజాగుట్టలో, బేగంపేటలో ఆఫీసులున్న పాత కుర్రాళ్ళకు పొద్దున్నే మెనూ పంపితే మధ్యాహ్నానికి వస్తారని. వచ్చారు కూడా, కొంతకాలం. ఆ తర్వాత ఒక్కొక్కరే మాదాపూర్ వెళ్ళారు, బెంగళూరు వెళ్ళారు, పుణే వెళ్ళారు. అక్కడి నుంచి లంచ్‌కి అమీర్‌పేట రావాలంటే కిందటి రోజే బయల్దేరాలి. అయినా బాబాయ్ గారు జాబితాలోంచి ఒక్క పేరూ తీయలేదు.

"పుణే వాడికి మన దోసకాయ పప్పు కబురెందుకండీ?" అన్నాను ఒకసారి.

"తీసేస్తే వాడు మెస్ మానేసినట్టు. రేపు వాడికి ఆకలేసిందనుకో, ఎక్కడికి పోతాడు?"

పుణే వాడి పేరు మీది నుంచి మౌస్ పక్కకు జరిపాను. 

రోజూ కూరగాయలు తెచ్చాక, చేతులు తుడుచుకుని, ఒక్క వేలితో, తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవారు. పప్పు, వేపుడు, పులుసు, పచ్చడి. కింద ఎప్పుడూ ఒకే వాక్యం: "వేళకి రండి." నెట్ కూడా ఫోన్ తీగ మీదే కాబట్టి, ఆ కాస్త మెయిల్ వెళ్ళేదాకా ఫోన్ లైన్ కీచుమంటూ బిజీగా ఉండేది. క్యారియర్ల కోసం ఫోన్ చేసేవాళ్ళు తిట్టుకునేవాళ్ళు.

ఆయన అందరి పేర్లూ పైన బారుగా, అందరికీ కనపడేలా పెట్టేవారు. ఒకరి చిరునామా ఒకరికి కనపడకుండా పంపే పద్ధతి ఉందనీ, అదే మర్యాదనీ నేను చాలాసార్లు బోధించాను. ఆయన వినలేదు. "పంక్తిలో కూర్చున్నాక పక్కనున్నవాడెవడో తెలియక్కర్లా?" అనేవారు. ఫలితంగా ఒకడు బెంగళూరు నుంచి "బాబాయ్, ఇక్కడ సాంబారులో బెల్లం వేస్తున్నారు, కాపాడండి" అని రాస్తే అది అందరికీ వచ్చేది. దాని మీద మిగతావాళ్ళ పరామర్శలు కూడా అందరికీ వచ్చేవి. మా మేనేజర్ ఒకసారి నా వెనక నిలబడి, స్క్రీన్ మీద 'గోంగూర' అనే మాట చూసి, అది కొత్త టూలా అని అడిగాడు. అవునన్నాను.

తర్వాత్తర్వాత ఆ జవాబులు తగ్గాయి. ఈ ఏడాదైతే దాదాపు లేవు. నేను మాట వరసకి అడిగితే ఆయన, "తినేటప్పుడు మాట్లాడకూడదు కదరా. తింటున్నారు" అన్నారు.

ఆయన పోయిన రెండో రోజు పిన్ని గారు నన్ను వంటింటి గుమ్మంలో ఆపారు. పిల్లల్లేరు వాళ్ళకి. కళ్ళు ఎర్రగా ఉన్నా గొంతు మామూలుగానే ఉంది.

"పిల్లలందరికీ చెప్పావా నాన్నా?"

"చెప్తానండీ."

"పెద్ద కర్మ భోజనాలు ఇక్కడే, హాల్లోనే. ఎంతమందికి వండమంటావు?"

"కనుక్కుని చెప్తానండీ."

"కనుక్కో. ఆయన ఎప్పుడూ తక్కువ వండలేదు. ఆ రోజు తక్కువ పడినా నాకు బాధే, వరుసలు ఖాళీగా ఉన్నా బాధే."

చాలా తేలిక పని అనుకున్నాను. కంప్యూటర్ పెట్టి, కాంటాక్ట్స్ అనే ఫోల్డర్ నొక్కితే ఆయన పిల్లలందరూ అందులో ఉంటారు. పెట్టాను. నొక్కాను. ఫోల్డర్ తెరవడం సాధ్యం కాలేదని చిన్న కిటికీ వచ్చింది. సరే అని నొక్కితే మళ్ళీ అదే. ఆయన పోయిన రోజు హడావిడిలో ఎవరో ఇంటి మెయిన్ స్విచ్ ఆపేశారు. ప్రోగ్రాం తెరిచి ఉండగా కరెంటు పోయింది. పేర్లు దాచిన ఫైలు పేరుకే మిగిలింది, లోపల ఏమీ లేదు.

టెస్టింగ్ ఇంజనీరుగా నాకు తెలిసిన వైద్యాలన్నీ చేశాను. ఆపి మళ్ళీ పెట్టాను. తీసేసి మళ్ళీ ఎక్కించాను. మానిటర్ మీద ఒక దెబ్బ కూడా కొట్టాను. వచ్చిన, పంపిన మెయిళ్ళ ఫోల్డర్లలోంచి పేర్లు ఏరుకుందామని చూస్తే అవీ ఖాళీయే. అప్పుడు గుర్తొచ్చింది. సాయంత్రం విస్తళ్ళు ఎత్తేశాక ఆ రోజు పంపిన మెయిల్‌నీ, దానికి వచ్చినవాటినీ ఆయన తుడిచేసేవారు. "అయిపోయిన భోజనానికి మెనూ ఎందుకు?" అని.

మిగిలింది ఒకటే దారి. ఆయన పేర్లన్నీ బయటికే పెట్టేవారు కాబట్టి, ఏ ఒక్కడి దగ్గర ఏ ఒక్క పాత మెనూ ఉన్నా, అందులో అందరూ ఉంటారు. నేను బోధించిన మర్యాద ఆయన నేర్చుకుని ఉంటే ఆ దారీ ఉండేది కాదు.

నా మెయిల్ పెట్టె వెతికాను. రోజుకు నాలుగు రిపోర్టులొస్తేనే నిండిపోయే పెట్టె అది. మధ్యాహ్నం దాటాక మెనూ ఉంచుకునే చోటు అందులో లేదు. నా ఫోన్‌లో ఉన్న మెస్ వాళ్ళ నంబర్లన్నీ నొక్కాను. సగం మనుగడలో లేవు. బెంగళూరులో బెల్లం సాంబారు బాధితుడు మాత్రం ఎత్తాడు. వార్త చెప్పాను.

"పాత మెనూ మెయిల్ ఒక్కటి ఉందేమో చూడరా" అన్నాను.

"మెనూ మెయిలా? చదవడం, ఆకలేయడం, డిలీట్ కొట్టడం. అంతే కదరా ఎప్పుడూ."

ఇన్నేళ్ళు ఒకే పంక్తిలో తిన్నవాళ్ళం. ఒకరి చిరునామా ఒకరి దగ్గర లేదు. ఆయన దగ్గర ఉంది కదా అని ఎవరమూ రాసుకోలేదు.

శుక్రవారం సాయంత్రం మెట్ల దగ్గర చెప్పుల చప్పుడైంది. గుమ్మంలో ఒక సన్నటి మనిషి, చేతిలో టిఫిన్ డబ్బా సంచి. గుర్తుపట్టడానికి కొంచెం సమయం పట్టింది. సనత్‌నగర్ భాయ్. అక్కడ ఏదో చిన్న ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాడు. ఒక వేసవి అంతా సాయంత్రాలు కోర్సుకి వచ్చి, రాత్రిళ్ళు మాతో తిన్నాడు. మూలన, కిటికీ కింద కూర్చునేవాడు. కోర్సు మధ్యలో ఆపేశాడు. అతని వంతు వడ్డన రానే లేదు.

"సలామన్నా. మంగళారం కాన్నుంచి మెయిల్ రాలే. సిస్టం ఖరాబైందా అనుకున్న. ఫోన్ చేద్దమంటే నంబర్ లేదు. గందుకే డ్యూటీ అయినంక ఇటే వచ్చిన. చాచా ఏడున్నడు?"

నేను పక్కకు జరిగాను. గోడకానించిన ఫోటో, దండ, దీపం కనపడ్డాయి. అతను సంచి కింద పెట్టలేదు. అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"గిదేందన్నా," అన్నాడు చివరికి. "సోమారం సుత పంపిండు కదా. బీరకాయ అన్నడు."

"నీ దగ్గర ఉందా భాయ్ ఆ మెయిల్?"

"ఉంది. అన్నీ ఉన్నయి."

మెస్ ఫోన్ లైన్ మీద అతని మెయిల్ తెరుచుకోక, పంజాగుట్ట నెట్ సెంటర్‌కి ఇద్దరం నడిచాం. ఫ్లైఓవర్ పనుల దుమ్ములో మాట్లాడటానికి వీల్లేకపోయింది.  నెట్ సెంటర్‌లో అతను తన మెయిల్ తెరిచాడు. పైనుంచి కిందికి, పేజీ తర్వాత పేజీ, ఒకటే పేరు. బాబాయ్ గారు, బాబాయ్ గారు, బాబాయ్ గారు. మధ్యలో ఇంకెవరూ లేరు.

"నిండిపోలేదా భాయ్ ఇది?"

"ఎట్ల నిండుతది? నాకెవరు రాస్తరన్నా. పొద్దుగాల గిదొక్కటే వస్తది." కొంచెం సిగ్గుపడి నవ్వాడు. "ఫ్యాక్టరీల లంచ్‌కి జర్రంత టైమే ఇస్తరు, ఇంత దూరం రాలేను. మధ్యాహ్నం నా డబ్బా తెరిచి, చాచా మెనూ ముంగట పెట్టుకుని తింట. నాది ఒక్కటే కూర. కని మస్తు అనిపిస్తది."

ఇలాంటి చోట ఒక జోకు వేయడం నా అలవాటు.  కానీ నేనూ ఆఫీసు క్యాంటీన్‌లో ట్రే పట్టుకుని గోడవైపు తిరిగే తింటాను. ఆ సంగతి అతనికి చెబుదామనుకుని, సోమవారం మెయిల్ ప్రింటు తీయించాను.

శని, ఆదివారాలు కొత్త ఫోల్డర్‌లోకి పేర్లన్నీ ఒక్కొక్కటే ఎక్కించాం. పిన్ని గారు పక్కనే పీట వేసుకుని కూర్చున్నారు. సగం కంపెనీ చిరునామాలు, మిగతావి కాలేజీలో చేరిన కొత్తలో పెట్టుకున్న మెయిల్ పేర్లు కదా, లవర్ బాయ్‌లు, డెవిల్‌లు, టైగర్‌లు ఉన్నారు. నేను పేరు చదివితే ఆవిడ మనిషిని చెప్పేవారు. "టైగరంటే ఆ ఒంగోలు పిల్లాడు. చారులో కరివేపాకు ఏరి విస్తరి అంచున బారుగా పెట్టేవాడు." "లవర్ బాయా? పాపం, వాడికి పచ్చిమిరపకాయ కొరికితే ఎక్కిళ్ళు." రెండు రోజుల్లో ఆ హాలు మళ్ళీ నిండినంత పనైంది. ఆవిడ ఒకసారి నవ్వారు కూడా.

తర్వాత వార్త రాయాలి. నేను గంభీరంగా మొదలుపెట్టాను. 'మిక్కిలి విచారముతో తెలియజేయునది ఏమనగా' అని రాసి చదివి వినిపించాను.

"ఆయన అట్లా రాసేవారా?" అన్నారు పిన్ని గారు.

"లేదండీ."

"ఆయన ఎట్లా రాసేవారో అట్లా రాయి. కూరలు రాయి. సోమవారం పదింటికి పంపు. అప్పుడే చూస్తారు వాళ్ళు."

ఆవిడ చెప్పారు, నేను ఒక్క వేలితో కొట్టాను. రెండో వేలు వాడబుద్ధి కాలేదు.

"శుక్రవారం భోజనం. ముద్దపప్పు. కంద బచ్చలి. అరటికాయ వేపుడు. పులిహోర. గారెలు. బూరెలు. గడ్డ పెరుగు. బాబాయ్ గారి పెద్ద కర్మ. ఈసారి వడ్డించడానికి ఆయన ఉండరు. వేళకి రండి."

సోమవారం పదింటికి పంపాను. ఫోన్ లైన్ కీచుమంది. పిన్ని గారు గుమ్మంలో నిలబడి ఆ చప్పుడు ఆగేదాకా విన్నారు.

జవాబులు వెంటనే మొదలయ్యాయి. కుప్పలు కుప్పలుగా. ఒక్క క్షణం సంబరపడ్డాను. అవి దాదాపు అన్నీ తిరుగు టపాలు. ఈ చిరునామాలో ఎవరూ లేరని యంత్రాలు రాసిన జవాబులు. ఉద్యోగం రాగానే మా వాళ్ళు చేసే మొదటి పని, కొత్త కంపెనీ పేరున్న మెయిల్ అందరికీ గొప్పగా ఇవ్వడం. రెండో పని, ఏడాది తిరక్కుండా కంపెనీ మారడం. మెడలో ఐడీ కార్డు పట్టీ మారిన సంగతి బాబాయ్ గారికి చెప్పాలని ఎవరికీ తట్టలేదు. వెనక్కి వచ్చినవాటిని ఆయన ఇన్నాళ్ళూ చూసే ఉంటారు. నాకెప్పుడూ చెప్పలేదు. ఒక్క పేరూ తీయలేదు.

ఒకరు తను సెలవులో ఉన్నానని, ఏదైనా అత్యవసరమైతే ఫలానా వారిని సంప్రదించమని ముందే రాసిపెట్టుకున్న జవాబు పంపారు. ఇద్దరు ముగ్గురు నిజంగా ఏడ్చినట్టు రాశారు. ఒకరు మాత్రం ఒకే వాక్యం రాసి అందరికీ పంపారు: దయచేసి నన్ను ఈ జాబితాలోంచి తీసేయండి.

"ఎవరా అబ్బాయి?" అన్నారు పిన్ని గారు.

"మనవాడు కాదండీ. ఎవరిదో పాత చిరునామా ఇంకెవరికో వచ్చినట్టుంది."

నిజమో కాదో నాకూ తెలియదు. తీయలేదు.

"మరి ఎంతమందికి వండను?"

మనుషులు రాసిన జవాబులు వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఆవిడ అది చూసి, పెద్ద గుండిగే దింపించమన్నారు.

శుక్రవారం వచ్చింది. శుక్రవారమంటే మా లోకంలో పని అప్పగించే రోజు. ఎవడికీ సెలవు దొరకదు. పిన్ని గారు రెండు వరుసల్లోనూ చాపలు పరిపించి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా విస్తళ్ళు వేయించారు. ఒంటిగంటకు బెంగళూరు వాడు బస్సు దిగి, బ్యాగుతోనే వచ్చాడు. తర్వాత ఒకడు, తర్వాత ఇద్దరు. మెడలో పట్టీలు తీసి జేబుల్లో పెట్టుకున్నారు. వచ్చినవాళ్ళం అందరం ఒక మూలకు సరిపోతాం. కానీ ఎవరూ దగ్గరగా కూర్చోలేదు. ఎవడి పాత చోటికి వాడు వెళ్ళి కూర్చున్నాడు. నాకూ బెంగళూరు వాడికీ మధ్య అయిదారు విస్తళ్ళ ఖాళీ. పలకరించుకోవాలంటే గొంతు పెంచాలి. 

వడ్డన మొదలుకాలేదు. పిన్ని గారు మెట్ల వైపే చూస్తున్నారు. జుమ్మా నమాజు ముగించుకుని, చెమటలు కక్కుతూ సనత్‌నగర్ భాయ్ వచ్చాడు. మాఫ్ చేయమంటూ కిటికీ కిందున్న తన చోటికి వెళ్ళబోయాడు. పిన్ని గారు ముద్దపప్పు బకెట్ తెచ్చి అతని ముందు పెట్టారు.

"ఇవాళ నువ్వు వడ్డించు బాబూ."

అతను కంగారుగా నావైపు చూశాడు. "నేనెట్ల పిన్ని గారూ? నౌకరీ వచ్చినోల్లు కదా వడ్డించేది. నాకు కంప్యూటర్ నౌకరీ రాలే గద."

"ఇప్పుడు ఇచ్చాగా."

భాయ్ చొక్కా చేతులు మడిచాడు. టోపీ తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు, మేము ఆఫర్ లెటర్లు పెట్టుకున్న చోట. బకెట్ ఎత్తి మొదటి విస్తరి దగ్గర వంగాడు. ఆ విస్తరి ముందు ఎవరూ లేరు.  ఒక గరిటె వేసి, గరిటె అంచుకి అంటింది విదిలించి, పక్క విస్తరికి జరిగాడు. అక్కడా ఎవరూ లేరు. అక్కడా వంగాడు. అలా ఒక్కో విస్తరీ ఆగుతూ, మా వైపు వస్తున్నాడు.